డిక్కీ అడుగున పడున్న ఫస్ట్ ఎయిడ్ కిట్టు

మేం కారు కొన్న రోజు చేసిన సేఫ్టీ ఏర్పాట్లు ఇవీ: కొబ్బరికాయ ఒకటి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు బంపర్‌కి ఎండుమిరపకాయలూ నిమ్మకాయా గుచ్చిన దండ, డాష్‌బోర్డు మీద బొటనవేలంత వెంకటేశ్వరస్వామి. షోరూం కుర్రాడు డిక్కీ తెరిచి స్టెప్నీ, జాకీ, వీల్ పానా చూపించి, చివర్లో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చూపిస్తూ "ఫస్ట్ ఎయిడ్ కిట్ సార్" అన్నాడు. నేను తలూపాను. డిక్కీ మూసేశాడు. మళ్ళీ ఆ డబ్బా మొహం చూసింది రెండేళ్ళ తర్వాత, దాచేపల్లి దాటాక, నడిరోడ్డు మీద, రాత్రి పదకొండింటికి.

(నిమ్మకాయల్ని నేనేమీ అనట్లేదు. ఇది అమ్మ చదువుతుంది.)

పోయిన సంక్రాంతికి ఊరెళ్తున్నాం. నేను, అమ్మ, బాబాయి కొడుకు. హైదరాబాదులో సాయంత్రం బయల్దేరితే నార్కట్‌పల్లి దాకానే సగం ప్రాణం పోయింది. అక్కడ విజయవాడ హైవే వదిలి అద్దంకి రోడ్డు ఎక్కాక కాస్త ఊపిరాడింది. మిర్యాలగూడ, వాడపల్లి, కృష్ణ మీద వంతెన. వంతెన దాటితే పల్నాడు వచ్చేసినట్టే, ఇక ఇంటికి చేరిపోయాం అన్న ధీమా. మా వాడు అప్పటికే అరిసెల గురించి మాట్లాడుతున్నాడు.

అప్పుడు చూశాం. రోడ్డు పక్కన ఒక ట్రాక్టరు, దాని వెనక పత్తి బోరేలు ఎత్తుగా వేసిన ట్రక్కు. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరు కూడా లేదు. ఒక బైకు దాని కిందకి సగం దూరిపోయి ఉంది. బైకతను, మా వయసే ఉంటుంది, రోడ్డు అంచున కూర్చుని ఉన్నాడు. తొడ దగ్గర ప్యాంటు చిరిగి, కింద తారు మీద నల్లగా మెరుస్తోంది. ఆ నలుపు నూనె కాదని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

ఆపాం. అమ్మ "డబ్బా ఉంది కదరా కారులో" అంది. ఉంది. ఎక్కడ? డిక్కీలో. దాని మీద రెండు సూట్‌కేసులు, పిన్ని వాళ్ళకి కొన్న మిక్సీ పెట్టె, నా ల్యాప్‌టాప్ బ్యాగు, అమ్మ హైదరాబాదు నుంచి ఊరికి మోసుకెళ్తున్న ఖాళీ పచ్చడి జాడీలు. అన్నీ దించి, అడుగు నుంచి డబ్బా లాగి, సెల్లో టేపు ఎండకి కరిగి అంటుకుపోతే గోళ్ళతో పీకి, తెరిచేసరికి మూడు నిమిషాలకి తక్కువ పట్టి ఉండదు. లోపల ఏమున్నాయి? వేలికి వేసుకునే బ్యాండ్-ఎయిడ్‌లు నాలుగైదు, జిగురు చచ్చిపోయినవి. గుప్పెడు దూది. రెండంగుళాల గాజు గుడ్డ చుట్ట ఒకటి. కాగితం కూడా తెగని కత్తెర. ఆవిరైపోయిన యాంటీసెప్టిక్ సీసా.

ఆ మనిషి తొడ మీద గాయం నా అరచేయంత ఉంది.

ఈలోగా వెనక నుంచి వచ్చిన లారీ ఒకటి ఆగింది. డ్రైవరు యాభై దాటినాయన. దిగీ దిగగానే తన కండువా నాలుగు మడతలు వేసి గాయం మీద పెట్టి, నా చేయి పట్టుకుని దాని మీద వేసి, "నొక్కి పట్టుకో అబ్బాయ్. గట్టిగా. వదలమాక. తగ్గిందా లేదా అని తీసి చూడమాక" అన్నాడు. క్లీనరు కుర్రాణ్ణి తుమ్మ కొమ్మలు విరిచి రోడ్డు మీద వెనక్కి వేసి రమ్మని పంపాడు. మా వాడు 108కి ఫోన్ కొట్టి కిలోమీటరు రాయి చదివి చెప్పాడు. ఎవరో "నీళ్ళు తాగించండయ్యా" అంటే డ్రైవరే వద్దన్నాడు. అంబులెన్సు వచ్చేదాకా నేను చేయి తియ్యలేదు. చేతులు వణికాయి, అది వేరే విషయం.

రెండు రోజుల తర్వాత వాళ్ళన్న ఫోన్ చేశాడు (మా వాడి నెంబరు ఇచ్చాం). కుట్లు పడ్డాయి, ఎముకకి ఏమీ కాలేదు, మంచంలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. "మీ పుణ్యం" అన్నాడాయన. పుణ్యం కండువాది. ఇంజనీరింగ్ చదివి, నెలకి ఇంత సంపాదిస్తూ, డాష్‌క్యామ్‌కి తొమ్మిది వేలు పెట్టిన నా దగ్గర ఆ క్షణానికి మడతపెట్టిన శుభ్రమైన గుడ్డ ముక్క ఒకటి లేదు. ఇది నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆఫీసులో భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తే మావాళ్ళు రెండు వర్గాలయ్యారు. ఒక వర్గం "ఫోన్ ఉంటే చాలు బాసూ, 108 ఉంది, ఇన్సూరెన్స్ వాడి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంది" అంది. రెండో వర్గం అప్పటికప్పుడే ఫోన్ తీసి "నూటొక్క వస్తువుల కిట్టు, ఆఫర్‌లో ఉంది" అని ఆర్డరు పెట్టేసింది. నా దృష్టిలో ఇద్దరిదీ తప్పే.

మొదటి వర్గానికి నా జవాబు మన భాషలోనే చెప్తాను. ఫోన్ ఒక్కటే అంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. మాచర్ల నుంచి ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళినవాళ్ళనడగండి, నల్లమలలో సిగ్నలు ఎన్ని చోట్ల ఉంటుందో. మనం తిట్టుకుంటాం గానీ 108 గొప్ప వ్యవస్థ, 2005 ఆగస్టు 15న మన దగ్గరే పుట్టి దేశమంతా పాకింది. కానీ అది ఎంత త్వరగా వచ్చినా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు మనవి. రక్తం ఆ నిమిషాల్లోనే పోతుంది.

రెండో వర్గం సంగతి. ఆ నూటొక్క వస్తువుల్లో తొంభై బ్యాండ్-ఎయిడ్‌లూ పిన్నీసులే అనుకోండి. అదలా ఉంచితే, ఆ జాబితాలన్నీ అమెరికా వాళ్ళ కోసం రాసినవి. నేనూ వెతికి చూశాను. మంచు తవ్వే పార, ఉన్ని దుప్పటి, కారులో చలికి వెలిగించుకునే కొవ్వొత్తి. పల్నాడులో కొవ్వొత్తి! చిన్నప్పుడు ఎండాకాలం రేడియో వార్తల్లో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అనగానే తర్వాతి మాట రెంటచింతల అని మేం ముందే అనేవాళ్ళం. గురజాల పక్కనే అది. మేలో బయట 45 ఉంటే, ఎండలో అద్దాలు బిగించి పెట్టిన కారు లోపల 60 దాటిపోతుంది. కొవ్వొత్తి అక్కడ వెలిగించక్కర్లేదు, దానంతటదే కారిపోతుంది.

కాబట్టి మన కిట్టుకి మొదటి రిక్వైర్‌మెంటు ఎండకి బతకడం. ఇది ఎవరూ రాయరు. ఈ లెక్కన నేను ముందు బ్యాగులోంచి తీసేసినవే ఎక్కువ. మాత్రలన్నీ తీసేశాను. పారాసెటమాల్ అట్ట మీద చూడండి, 25 లేదా 30 డిగ్రీల లోపు ఉంచమని ఉంటుంది. బీపీ, షుగరు మందులు, నాన్న గుండె మాత్రలు ఇవి మనిషితో పాటు చేతిసంచిలో కారెక్కాలి, మనిషితో పాటు దిగాలి. ఇన్సులిన్ గురించి చెప్పక్కర్లేదు. పవర్ బ్యాంకు తీసేశాను, లిథియం బ్యాటరీని పొయ్యిలో పెట్టినట్టే. డియోడరెంటు స్ప్రే, లైటరు, శానిటైజరు సీసా అన్నీ ఇంట్లోకే. మిగిలినవాటికి అసలు పెద్ద సంచి అక్కర్లేకపోయింది. ఇప్పుడు నా కిట్టు పాత ల్యాప్‌టాప్ బ్యాగులో సగానికి వచ్చింది.

అందులో ఏముందో చెప్పేముందు అది ఎక్కడుందో చెప్పాలి. ముందు సీటు కింద. డిక్కీలో కాదు. నాకు అర్థమైన అతి ముఖ్యమైన విషయం ఇదొక్కటే. వెనక నుంచి ఎవడైనా గుద్దితే డిక్కీ తెరుచుకోదు. గుద్దకపోయినా పండక్కి ఊరెళ్ళేటప్పుడు దాని మీద మిక్సీలూ జాడీలూ ఉంటాయి, వచ్చేటప్పుడు బియ్యం బస్తా, కారం, పచ్చళ్ళు. మన డిక్కీ ఎప్పుడు ఖాళీగా ఉంది గనక?

రక్తం ఆపడానికి శుభ్రంగా ఉతికి మడతపెట్టి జిప్‌లాక్ కవర్లో పెట్టిన నూలు తువ్వాళ్ళు రెండు. ఆరంగుళాల క్రేప్ బ్యాండేజీలు మూడు. మందుల షాపులో దొరికే పెద్ద గాజు ప్యాడ్లు ఒక పది. గ్లౌజులు రెండు జతలు, ఇవి ఎండకి అతుక్కుపోతాయి గనక ఏటా మార్చాలి. ప్యాంటు గుడ్డ కూడా తెగే మంచి కత్తెర. ఇంతే. గాయం మీద గుడ్డ పెట్టి గట్టిగా నొక్కడం, తడిస్తే తియ్యకుండా దాని మీదే ఇంకోటి పెట్టి నొక్కడం, పైన క్రేప్ బ్యాండేజీ చుట్టడం. లారీ డ్రైవరు చెప్పిందీ, తర్వాత నేను ఒక పూట శిక్షణకి వెళ్తే అక్కడ చెప్పిందీ అక్షరం తేడా లేకుండా ఒకటే. పసుపు, కాఫీపొడి వద్దు. దెబ్బ తగిలినవాడికి నీళ్ళూ వద్దు, స్పృహ సరిగా లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్ అవసరమైతే మత్తిచ్చేటప్పుడు అదో గొడవ.

పాము కాటు కిట్టు అని ఒక సిరంజిలాంటిది ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, విషం లాగేస్తుందట. మా వైపు పొలాలున్నాయి గదా అని దాదాపు కొనేశాను. కొనకండి. కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం అన్నీ నష్టమే. కాలు కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా, యాంటీవెనమ్ ఉన్న ఆస్పత్రికి కారు తిప్పడమే. అక్కడ కిట్టు అంటే కారే.

ఇక రెండోది, రోడ్డు మీద ఆగినప్పుడు మనల్ని ఇంకొకడు గుద్దకుండా చూసుకోవడం. నిజానికి ఇదే మొదటిది కావాలి. ఆ రాత్రి మేం ముగ్గురం చీకట్లో, నల్ల ప్యాంట్లు వేసుకుని, రోడ్డు మీద సగం నిలబడి ఉన్నాం. ఎరుపు ట్రయాంగిల్ కారులో ఉంది, కంపెనీయే ఇస్తుంది. అది స్టెప్నీ పక్కన కార్పెట్ కింద నిద్రపోతోంది. చిన్న లెక్క వేద్దాం. గంటకి 80 కిలోమీటర్ల మీద వచ్చే బండి సెకనుకి 22 మీటర్లు వస్తుంది. ట్రయాంగిల్ 50 మీటర్ల వెనక పెడితే వాడికి దొరికేది రెండు సెకన్లు చిల్లర. నిద్రమత్తులో ఉన్న డ్రైవరుకి అది చాలదు. అందుకని నేను నూటయాభై అడుగులు లెక్కపెట్టుకుని పెడతాను, దాదాపు వంద మీటర్లు. నడిచేటప్పుడు రోడ్డు అంచున, ఎదురొచ్చే బండ్లకి కనపడేలా ట్రయాంగిల్‌ని ముందు పట్టుకుని. మెరిసే పసుపు జాకెట్లు, రోడ్డు పనివాళ్ళు వేసుకునేవి, రెండు కొన్నాను. నూట చిల్లర రూపాయలు. అవి సీటు కింద కూడా కాదు, డోరు అరలోనే. దిగకముందే వేసుకోవాలి గనక.

తుమ్మ కొమ్మల పద్ధతి నాకు చాలా నచ్చింది గానీ దానికొక బగ్గుంది. కొమ్మలకి తోడు రాళ్ళు కూడా పేరుస్తారు, బండి బాగయ్యాక వెళ్ళిపోతారు, రాళ్ళు అక్కడే ఉంటాయి. తెల్లారి ఏ పాలబండివాడో వాటి మీద పడతాడు. మెమరీ అలొకేట్ చేసి ఫ్రీ చెయ్యకపోవడం అన్నమాట.

టార్చిలైటు నుదుటికి పెట్టుకునేది తీసుకోండి. టైరు మార్చేటప్పుడు చేతిలో టార్చి పట్టుకునేవాడు దొరకడు, ఫోన్ నోట్లో పెట్టుకోవాల్సి వస్తుంది (అనుభవం). సెల్స్ దాంట్లోనే వదిలేస్తే ఎండకి కారిపోతాయి, విడిగా పెట్టండి. అన్నట్టు, మీ కొత్త కారులో స్టెప్నీ ఉందో లేదో ఎప్పుడైనా చూశారా? 2020లో నిబంధనలు మార్చి, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, పంచర్ కిట్టు ఉన్న కార్లకి స్టెప్నీ లేకపోయినా పరవాలేదన్నారు. మా కొలీగ్ ఒకాయనకి ఈ విషయం కారంపూడి దగ్గర తెలిసింది, పంచరయ్యాక.

మూడోది ఎండ, నీళ్ళు. మనిషికి రెండు లీటర్లు, స్టీలు సీసాల్లో, బయల్దేరే ముందు కొత్తగా నింపి. కోటప్పకొండ తిరణాళ్ళ ట్రాఫిక్‌లో పిల్లలతో ఇరుక్కున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు నాలుగు. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకి ఒకటి, గ్లాసుకి కాదు. అట్టపెట్టెల్లో తియ్యగా ఉండే పానీయాలు ఓఆర్ఎస్ కాదు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడితే, చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించింది. ఒక్క మనిషి పట్టుదల! ఆవిడ గురించి విడిగా రాయాలి.

చివరిది రాయడానికి నాకు ఇష్టం లేదు గానీ రాయాలి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి, సీటు బెల్టు కోసే బ్లేడు కలిపి ఉండేది, నాలుగైదు వందలు. 2013 అక్టోబర్‌లో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర తగలబడిన బస్సులో 45 మంది పోయారు. 2024 మేలో, ఓట్లేసి హైదరాబాదు తిరిగెళ్తున్నవాళ్ళ బస్సు మన చిలకలూరిపేట పక్కన పసుమర్రు దగ్గర టిప్పరుతో గుద్దుకుని కాలిపోయింది, ఆరుగురు పోయారు. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర చిన్నటేకూరు. నేనూ ఆ ఎన్నికలకి ఊరెళ్ళి అలాంటి రాత్రి బస్సులోనే తిరిగొచ్చాను. అందుకే నా సుత్తి కారుది కాదు, నాది. బస్సెక్కితే బ్యాగులో నాతో వస్తుంది.

కారులో అది స్టీరింగ్ పక్కన, బెల్టు పెట్టుకుని కూడా చెయ్యి అందే చోట ఉండాలి. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా సాగర్ కుడి కాలువ మనకి ఎంత దగ్గరో తెలుసుగా, కాలువలో కారు అన్న వార్త మనకి కొత్త కాదు. నీళ్ళలో పడితే ఫోన్ వెతకొద్దు. బెల్టు తియ్యి, వెంటనే అద్దం దించు (మోటారు కాసేపు పని చేస్తుంది), దిగకపోతే పక్క అద్దం మూల మీద కొట్టు, పిల్లల్ని ముందు తోసి బయటపడు. ముందు అద్దం కొట్టి లాభం లేదు, రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, పగిలినా ఊడదు. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా అలాంటివే, అద్దం మూలన చిన్న అక్షరాలతో ఉంటుంది, ఇవాళే చూసుకోండి. సీటు హెడ్‌రెస్టు కడ్డీలు అద్దాలు పగలగొట్టడానికే పెట్టారని వాట్సాప్‌లో తిరుగుతుంది, అది వట్టి కథ. అవి మెడ కోసం పెట్టినవి.

మరి ఇవన్నీ కొనుక్కుని, రోడ్డు మీద పడున్నవాణ్ణి చూసి ఆపకుండా వెళ్ళిపోతే? ఆ రాత్రి మా ముందు ఎన్ని కార్లు అలా వెళ్ళాయో నాకు తెలీదు గానీ, లారీ వచ్చేదాకా మా వెనక వచ్చినవి మూడు. స్లో చేశారు, చూశారు, వెళ్ళారు. నేనేమీ తిట్టట్లేదు, అమ్మ పక్కన లేకపోతే నేనూ వెళ్ళేవాణ్ణేమో. "పోలీసులు, కోర్టులు, మనకెందుకు" అన్న భయం నాన్నల తరం నుంచి వచ్చింది. ఆ భయానికి కారణం ఇప్పుడు చట్టంలో లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సహాయం చేసినవాళ్ళకి రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. 2025లో రాహ్-వీర్ అని, గాయపడినవాణ్ణి గంటలోపు ఆస్పత్రికి చేర్చినవాళ్ళకి 25,000 రూపాయలు ఇచ్చే పథకం కూడా పెట్టారు. డబ్బు కోసం ఎవరూ ఆపరు, కేసులో ఇరుక్కోమని తెలిస్తే ఆపుతారు.

రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని మనం జూనియర్లకి చెప్తాం. అందుకని ఉగాదికి ఊళ్ళో ఒక డ్రిల్లు పెట్టాను. కారు ఇంటి ముందు ఆపి, లైట్లు ఆపేసి, అమ్మని బ్యాగు తీసి నా కాలికి కట్టు కట్టమన్నాను. నాన్న అరుగు మీద కూర్చుని "ఏందిరా ఈ నాటకం, జనం చూస్తన్నారు" అన్నాడు. మొదటిసారి రెండు నిమిషాలు, జిప్పు ఎటువైపో తెలీక. ఆ జిప్పుకి ఎర్ర రిబ్బను కట్టాను. రెండోసారి నలభై సెకన్లు. ఎదురింటి మామయ్య వచ్చి తన ట్రాక్టరు ట్రక్కుకి కూడా రేడియం స్టిక్కర్లు తెమ్మన్నాడు, మర్నాడు పిడుగురాళ్ళ వెళ్ళి తెచ్చి మేమిద్దరమే అతికించాం. వెనక ఆరు, పక్కలకి నాలుగేసి. ఖర్చు మూడొందల లోపే.

మొన్న ఫోన్‌లో అమ్మని కిట్టు ఒకసారి చూడమంటే అన్నీ ఉన్నాయి, కత్తెర లేదంది. మిరపకాయ బస్తాల పురికొస కొయ్యడానికి నాన్న కల్లంలోకి తీసుకెళ్ళాడట. ఇంకోటి కొనాలి.